బెంగళూరులో క్రిమినల్ కేసు పడితే నమ్మకమైన లాయరును ఎలా చూసుకోవాలి?

మీ ప్రశ్న చదివాను. మీ తమ్ముడు స్నేహితుడితో కలిసి పెట్టిన వ్యాపారం దెబ్బతింది, ఆ స్నేహితుడు మోసం కేసు పెట్టాడు, వైట్‌ఫీల్డ్ వైపు స్టేషన్ నుంచి విచారణకు రమ్మని నోటీసు వచ్చింది. ఎవరో చెబితే ఒక లాయరు దగ్గరికి వెళ్ళారు. ఆయనేమో "రేపో మాపో అరెస్టు చేస్తారు, రెండు లక్షలు ఇవాళే కట్టండి, రెండు రోజుల్లో బెయిల్ గ్యారంటీ, ఇన్‌స్పెక్టర్ నాకు బాగా తెలుసు" అన్నారు. నమ్మొచ్చా, లేకపోతే మంచి లాయరును ఎలా పట్టుకోవాలి అని అడిగారు. నేను చాలా ఏళ్ళుగా బెంగళూరు కోర్టుల్లో క్రిమినల్ కేసులే చూస్తున్నాను. మాది హిందూపురం వైపు, అందుకని నా దగ్గరికి వచ్చేవాళ్ళలో తెలుగువాళ్ళు ఎక్కువ, వాళ్ళలో చాలామంది అప్పటికే ఒక లాయరు దగ్గర డబ్బులు, నెలలు పోగొట్టుకుని వచ్చినవాళ్ళు. వాళ్ళు చెప్పుకున్నవి, నేను చూసినవి కలిపి రాస్తున్నాను. నా నంబరు మాత్రం అడగకండి, లాయరు ఇలా కేసులు పోగేసుకోకూడదని బార్ కౌన్సిల్, అంటే లాయర్లను నియంత్రించే సంస్థ, నియమం ఉంది.

ముందు ఒక్కటి చెప్పండి, ఆ లాయరుగారు నోటీసు చేతిలోకి తీసుకుని చదివారా? మీరు రాసినదాంట్లో ఆ మాటే లేదు. ఎఫ్ఐఆర్ కాపీ అడిగినట్టు గానీ, ఏ సెక్షన్లు పెట్టారో చూసినట్టు గానీ లేదు. కాగితం చూడకుండానే ఫీజు చెప్పారంటే మీ భయం చూసి చెప్పారన్నమాట. నమ్మకమైన లాయరు ముందు కాగితం చూస్తాడు, తర్వాతే మాట్లాడతాడు, కేసు నడిచినన్నాళ్ళూ ప్రతి కాగితం కాపీ మీ చేతికిస్తాడు. ఆఫీసు ఎంత పెద్దది, గోడ మీద ఎవరితో దిగిన ఫోటోలున్నాయి అన్నవి నేనసలు లెక్కలోకే తీసుకోను.

ఇక నోటీసు సంగతి. మీకు వచ్చింది బీఎన్ఎస్ఎస్, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సెక్షన్ 35(3) నోటీసు అయ్యుండాలి. పాత చట్టంలో 41ఏ అనేవాళ్ళం, స్టేషన్లలో ఇప్పటికీ ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు ఉన్నారు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు అమల్లోకి వచ్చి అందరికీ తెలిసిన 420 కాస్తా బీఎన్ఎస్, అంటే భారతీయ న్యాయ సంహిత, 318(4) అయింది, దానికి గరిష్ఠ శిక్ష ఏడేళ్ళు. ఏడేళ్ళదాకా శిక్ష పడే నేరాల్లో కేసు రాయగానే అరెస్టు చేసేయడం కుదరదని సుప్రీంకోర్టు 2014లోనే అర్నేష్ కుమార్ కేసులో గట్టిగా చెప్పింది. నోటీసు ఇచ్చారంటే ఇప్పటికిప్పుడు అరెస్టు అవసరం లేదని పోలీసులే అనుకున్నారని అర్థం. చెప్పిన రోజు వెళ్ళి సహకరిస్తే అరెస్టు చేయకూడదు, చేయాల్సివస్తే కారణాలు రాసిపెట్టాలి. నోటీసును పక్కన పడేసి ఊరికి వెళ్ళిపోతే మాత్రం చేజేతులా వాళ్ళకు కారణం ఇచ్చినట్టే. ఇదంతా చెప్పి, "అయినా ఇది నాన్ బెయిలబుల్ సెక్షన్, అంటే బెయిల్ ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు చేతిలో ఉంటుంది, కాబట్టి ముందస్తు బెయిల్ వేసుకుంటే మంచిది, లేదా ఫలానా కారణం వల్ల ఇప్పుడే అక్కర్లేదు" అని విడమరిచి చెప్పే లాయరు మీకు కావాలి. భయపెట్టి సంతకం పెట్టించుకునే మనిషి వద్దు.

ఇంకో మాట, ఆ నోటీసు వాట్సాప్‌లో వచ్చిందా, కాగితం ఇచ్చారా? ఈ నోటీసులు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది. చెల్లదు కదా అని ఊరుకోకండి. కేసు నిజంగా ఉందో లేదో ముందు తేల్చుకోండి, నకిలీ పోలీసుల వేషాలు ఎక్కువయ్యాయి. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లు 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది, కర్ణాటక పోలీసు వెబ్‌సైట్‌లో స్టేషన్ పేరు, క్రైమ్ నంబరు అంటే ఎఫ్ఐఆర్ నంబరు, సంవత్సరం ఉంటే వెతుక్కోవచ్చు. దొరికిన కాపీ ప్రింట్ తీసుకుని లాయరు దగ్గరికి వెళ్ళండి.

కాగితం గురించి ఎందుకింత పట్టుపడుతున్నానో చెప్తాను. ఒంగోలు నుంచి ఒక తల్లి వచ్చింది, కొడుకు పరప్పన అగ్రహార జైల్లో ఉన్నాడు. చేతిలో బట్టల షాపు ప్లాస్టిక్ కవరు, అందులో కేసు కాగితాలన్నీ ఉన్నాయంది. బల్ల మీద పరిచి చూస్తే ఫోన్‌పే స్క్రీన్‌షాట్ల ప్రింట్లు, లాయరు విజిటింగ్ కార్డు, జైలుకు వెళ్ళిన బస్సు టికెట్లు, కొడుకు ఆధార్ జిరాక్స్. కోర్టు ముద్ర ఉన్న కాగితం ఒక్కటీ లేదు. "బెయిల్ పిటిషన్ వేశాం, జడ్జిగారు లీవులో ఉన్నారు" అని ఆ లాయరు వారాల తరబడి చెబుతూ వచ్చాడట. కోర్టు కేసుల వివరాలు చూపించే ఈకోర్ట్స్ యాప్‌లో కొడుకు పేరు కొట్టి చూస్తే మేజిస్ట్రేట్ కోర్టులో రిమాండు వాయిదాలు కనబడ్డాయి, సెషన్స్ కోర్టులో ఆ పేరు మీద ఏ పిటిషనూ నమోదు కాలేదు. ఆవిడ ముఖం చూసి ఈ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. నగలు తాకట్టు పెట్టి పంపిన డబ్బు అది.

మీకు అలా జరగకుండా ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్ ఇప్పుడే ఫోన్‌లో వేసుకోండి, ఉచితం. పార్టీ పేరుతో, ఎఫ్ఐఆర్ నంబరుతో, లాయరు పేరుతో కూడా వెతకొచ్చు. సెషన్స్‌లోనో హైకోర్టులోనో బెయిల్ పిటిషన్ వేస్తే దానికి అక్షరాలు, అంకెలు కలిపి పదహారు ఉండే సీఎన్ఆర్ నంబరు, అంటే ఆ కేసుకు మాత్రమే ఉండే గుర్తింపు నంబరు, వస్తుంది. లాయరు "వేశాను" అంటే "సీఎన్ఆర్ నంబరు పంపండి సార్" అని అడగండి, అందులో తప్పేమీ లేదు, నిజంగా వేసినవాళ్ళు వెంటనే పంపేస్తారు. సెషన్స్‌లో వేసే బెయిల్ పిటిషన్లు ఇక్కడ క్రిమినల్ మిసిలేనియస్ కింద కనబడతాయి, హైకోర్టులో అయితే క్రిమినల్ పిటిషన్ అని. అదే యాప్‌లో లాయరు పేరు కొట్టి చూస్తే ఆయన ఎలాంటి కేసుల్లో నిలబడుతున్నారో కొంత తెలుస్తుంది. భూమి దావాలు, చెక్ బౌన్సులే కనబడితే క్రిమినల్ ట్రయల్ అనుభవం ఎంతో నేరుగా అడగండి. గూగుల్ స్టార్లు, "నంబర్ వన్ క్రిమినల్ లాయర్" అన్న ప్రకటనలు చూసి పోవద్దు, లాయర్లు అలా ప్రకటించుకోవడానికే వీల్లేదు. బార్ కౌన్సిల్ ఇచ్చిన ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడగండి, ఇక్కడ నమోదైనవాళ్ళది కేఏఆర్ అని మొదలై చివర్న సంవత్సరం ఉంటుంది. ఇంకా అనుమానముంటే ఒక పూట సెలవు పెట్టి ఆయన వాదించే కోర్టు హాల్లో వెనక బెంచీలో కూర్చోండి. మామూలుగా కోర్టులు అందరికీ తెరిచే ఉంటాయి. కేసు పిలిస్తే ఆయన ఉన్నారా, జూనియర్ వాయిదా అడుగుతున్నాడా, ఫైలు చదువుకుని వచ్చారా అన్నది గంటలో మీకే తెలిసిపోతుంది. బెంగళూరులో అన్ని కోర్టులూ ఒకచోట లేవు. కేజీ రోడ్డులో సిటీ సివిల్ కోర్టు కాంప్లెక్స్, నృపతుంగ రోడ్డులో మేజిస్ట్రేట్ కోర్టులు, ఎంజీ రోడ్డు చివర మేయో హాల్, హైకోర్టేమో విధానసౌధ ఎదురుగా. మీ స్టేషన్ కేసులు ఏ కోర్టుకు వెళ్తాయో కనుక్కుని, అక్కడ రోజూ తిరిగే లాయరును చూసుకుంటే మీకే సుఖం.

చాలామంది "మన తెలుగు లాయరే కావాలి" అంటారు. కష్టంలో ఉన్నప్పుడు సొంత భాషలో చెప్పుకోవాలనిపిస్తుంది, అది నాకు తెలుసు. కోలారు, చిక్కబళ్ళాపురం, పావగడ వైపు నుంచి వచ్చి ఇక్కడ ప్రాక్టీసు చేసేవాళ్ళలో తెలుగు చక్కగా మాట్లాడేవాళ్ళు బోలెడుమంది, దొరకడం కష్టం కాదు. కానీ ఇక్కడ ఫిర్యాదు, సాక్షుల వాంగ్మూలాలు, మహజరు, అంటే మన దగ్గర పంచనామా అనేది, అన్నీ దాదాపుగా కన్నడంలోనే ఉంటాయి. లిపి మన లిపిలాగే ఉంది కదా అని కూడబలుక్కుని చదివి అర్థమైందనుకుంటే ప్రమాదం, ఒక్క క్రియాపదం దగ్గర అర్థం తిరగబడుతుంది. కాబట్టి లాయరుకు తెలుగు రావడం మంచిదే, కన్నడం చదివి రాయగలగడం తప్పనిసరి. విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో తెలిసినాయన్ని తెచ్చుకుంటామంటే అడ్వొకేట్స్ చట్టం ప్రకారం దేశంలో ఎక్కడైనా వాదించొచ్చు, కాదనను. అయితే ప్రతి వాయిదాకు ఆయన రాను పోను ఖర్చు మీదే, వాయిదా పడినా మీదే, చివరికి ఇక్కడో లాయరును పెట్టుకోకుండా గడవదు.

ఫీజు దగ్గర మొహమాటపడకండి. మనవాళ్ళు పెళ్ళి భోజనం రేటు దగ్గర గంటసేపు బేరమాడతారు గానీ లాయరు దగ్గర నోరు మెదపరు. ముందస్తు బెయిల్‌కు ఎంత, అరెస్టు అయితే రెగ్యులర్ బెయిల్‌కు ఎంత, ఛార్జిషీటు తర్వాత ట్రయల్‌కు ఎంత, హైకోర్టుకు వెళ్తే ఎంత, అన్నీ విడివిడిగా అడగండి. వాదించేది మీరేనా, జూనియర్‌ను పంపుతారా అన్నది కూడా అడగండి. జూనియర్ రావడం తప్పు కాదు, ముఖ్యమైన రోజు పెద్దాయన వస్తారా అన్నదే ప్రశ్న. మాట్లాడుకున్నదంతా ఇంటికొచ్చాక మర్యాదగా వాట్సాప్‌లో పెట్టి "ఇదే కదా సార్" అని అడిగితే చాలు, అదే రాతకోత అవుతుంది. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. మొత్తం ముందే కట్టమంటే దశలవారీగా ఇస్తామని చెప్పండి, ఒప్పుకునేవాళ్ళు చాలామందే ఉంటారు. "గెలిస్తేనే ఫీజు" అన్న మాట వినడానికి బాగుంటుంది గానీ ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. ఆ నియమాన్ని అంత తేలిగ్గా తీసుకునే మనిషి మీ విషయంలో ఇంకేం తేలిగ్గా తీసుకుంటాడో ఆలోచించండి.

గ్యారంటీ అన్న మాట వినగానే లేచి వచ్చేయండి. ముందస్తు బెయిల్ వేస్తే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు నోటీసు వెళ్తుంది, ఆయన అభ్యంతరాలు దాఖలు చేయాలి, వాదనలు జరగాలి, అప్పుడు ఆర్డరు. మధ్యలో తాత్కాలిక రక్షణ అడగొచ్చు, ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి ఇష్టం. రెండు రోజుల్లో అయిపోతుందని ఎవరూ మాటివ్వలేరు. "ఇన్‌స్పెక్టర్‌కు ఇంత, పీపీకి ఇంత, జడ్జిగారి మనిషికి ఇంత" అని లెక్క చెప్పేవాళ్ళ సంగతి ఇంకా దారుణం. అందులో ఎక్కువ భాగం అడిగినవాళ్ళ జేబులోనే ఆగిపోతుందని నా అభిప్రాయం. ఒకవేళ నిజంగానే వెళ్ళినా, అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాళ్ళూ నేరస్థులే. మోసం కేసు నుంచి బయటపడబోయి లంచం కేసులో ఇరుక్కుంటారు.

లాయరు నమ్మకస్తుడు కావాలంటే మీరూ ఆయనకు నిజం చెప్పాలి. మీ తమ్ముడు ఆ స్నేహితుడి దగ్గర ఎంత తీసుకున్నాడు, ఏ ఖాతాలోకి తీసుకున్నాడు, దేనికి ఖర్చుపెట్టాడు, కోపంలో ఏం మెసేజులు పెట్టాడు, అన్నీ చెప్పమనండి. మీరు చెప్పింది ఆయన బయటపెట్టకూడదు, దానికి భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ రక్షణ ఉంది. ఇంకా జరగబోయే నేరానికి సాయం అడిగితే మాత్రం ఆ రక్షణ వర్తించదు. ఒక్క చాట్ కూడా డిలీట్ చేయనివ్వకండి. "ఫోన్ మార్చేయ్, మెసేజులు తీసేయ్" అని సలహా ఇచ్చే లాయరు ఎంత పేరున్నవాడైనా వద్దు. ఇలాంటి భాగస్వామ్యపు తగాదాల్లో మనల్ని కాపాడేది చాలాసార్లు ఆ చాట్‌లే, డబ్బు వ్యాపారంలోనే పోయిందని వాటిలోనే కనబడుతుంది.

అసలు పరీక్ష బెయిల్ వచ్చాకే మొదలవుతుంది. అప్పటిదాకా గంటకోసారి ఫోన్ ఎత్తిన లాయరు, డబ్బు చేతికందాక ఎత్తడు. రాజమండ్రి అబ్బాయి ఒకడు, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చెల్లెలి పెళ్ళికని ఊరెళ్ళాడు. "వాయిదాకు నువ్వు రానక్కర్లేదు, నేను చూసుకుంటా" అన్నాడట లాయరు. హాజరు మినహాయింపు కోరుతూ ఒక చిన్న పిటిషన్ వేయాలి, అది వేయలేదు. అబ్బాయి పెళ్ళి పందిట్లో ఉండగా ఇక్కడ నాన్ బెయిలబుల్ వారెంటు అయింది. దాన్ని రద్దు చేయించుకోవడానికి పరుగున వచ్చి, జడ్జి ముందు నిలబడి, జరిమానా కట్టి, ఆ పెళ్ళి అప్పగింతలు కూడా చూడలేకపోయాడు. అందుకే ప్రతి వాయిదా ముందురోజు యాప్‌లో తేదీ మీరే చూసుకోండి, హాజరు కావాలా, మినహాయింపు వేశారా అని మెసేజ్ పెట్టి జవాబు తీసుకోండి. ఊరు దాటకూడదన్న షరతు బెయిల్ ఆర్డరులో ఉందేమో చదువుకోండి, సంక్రాంతికి బస్సెక్కే ముందు ఇది గుర్తుండాలి. పాస్‌పోర్టు తీసుకోవాలన్నా, విదేశాలకు వెళ్ళాలన్నా కోర్టు అనుమతి కావాల్సివస్తుంది, ఆన్‌సైట్ అవకాశాలున్న పిల్లలకు ఈ సంగతి మొదటి రోజే చెప్పే లాయరు మంచి లాయరు.

జామీను, అంటే పూచీకత్తు, సంగతి కూడా ముందే మాట్లాడుకోవాలి. బెయిల్ వచ్చినా స్థానికంగా జామీను నిలబడేవాళ్ళు దొరక్క జైల్లో ఉండిపోయే బయటి ఊళ్ళవాళ్ళను చూస్తుంటాం. కోర్టుల దగ్గర "డబ్బిస్తే జామీను మేం ఇస్తాం" అని తిరిగేవాళ్ళుంటారు, వాళ్ళు చూపించే పహాణీలు, అంటే భూమి రికార్డులు, నకిలీవి అయితే మీ మీద ఇంకో కేసు. స్థానిక జామీను కోసం పట్టుబట్టడం వల్లే విడుదలలు ఆలస్యమవుతున్నాయని, అలాంటప్పుడు ఆ షరతు పెట్టకపోవచ్చని సుప్రీంకోర్టు 2023లో సూచించింది. మీ లాయరు దాన్ని చూపించి షరతు సడలించమనో, నగదు పూచీకత్తుకు ఒప్పుకోమనో అడగొచ్చు.

దేవుడి దయవల్ల అవసరం పడకూడదు గానీ, ఒకవేళ అరెస్టు జరిగితే 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందుకు తేవాలి, ఇంట్లోవాళ్ళకు చెప్పాలి, విచారణ జరుగుతుండగా లాయరును కలవనివ్వాలి, అయితే విచారణ మొత్తం లాయరు పక్కన కూర్చునే హక్కు లేదు. అరెస్టు కారణాలు మనిషికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది, కన్నడం రాని మనవాళ్ళకు ఇది చాలా పెద్ద రక్షణ. జైల్లో మనిషి ఉన్నవాళ్ళు లాయరును తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, "డిఫాల్ట్ బెయిల్ తేదీ ఎప్పుడు సార్?" అని. చాలా కేసుల్లో 60 రోజులు, పదేళ్ళు అంతకుమించి శిక్ష పడే పెద్ద నేరాల్లో 90 రోజులు, ఈలోపు ఛార్జిషీటు వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. ఛార్జిషీటు పడకముందే అడగాలి, పడ్డాక అడిగితే హక్కు పోయినట్టే. ఈ ప్రశ్నకు తడుముకునే లాయరు చేతిలో జైల్లో ఉన్న మనిషిని పెట్టొద్దు.

ఇప్పటికే వకాలత్, అంటే మీ తరఫున వాదించే అధికారమిచ్చే కాగితం, మీద సంతకం పెట్టేసి ఉంటే, ఇక ఆయనతోనే చావాలి బతకాలి అనుకోకండి. లాయరును మార్చుకోవచ్చు. మామూలుగా పాత లాయరు నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, తీసుకుంటారు, ఇవ్వనంటే కోర్టుకు చెప్పుకోవచ్చు. ఫీజు బాకీ ఉందని కేసు ఫైలు ఆపిపెట్టుకునే హక్కు లాయరుకు లేదని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చేసింది. ఫీజు బాకీ ఉంటే ఆయన దాన్ని వేరే దారిలో వసూలు చేసుకోవాలి. గొడవకు దిగకుండా, "ఇంట్లో పెద్దవాళ్ళు వేరే నిర్ణయం తీసుకున్నారు సార్, కాగితాలు ఇప్పించండి" అని నిదానంగా అడిగితే చాలామంది ఇచ్చేస్తారు. నిజంగా మోసం చేశారనిపిస్తే అడ్వొకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద కర్ణాటక రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు, డబ్బు పంపిన ఆధారాలు, మెసేజులు అక్కడే అక్కరకొస్తాయి. వినియోగదారుల కోర్టుకు వెళ్దామనుకుంటే దారి మూసుకుపోయింది, లాయర్ల సేవ ఆ చట్టం కిందకు రాదని 2024 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

ఇది చదువుతున్న మిగతావాళ్ళలో డబ్బు లేనివాళ్ళూ ఉంటారు, వాళ్ళు అప్పు చేసి ఎవరి చేతిలోనో పోయకండి. కస్టడీలో ఉన్న మనిషికి, స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వమే ఉచితంగా లాయరును ఇస్తుంది, 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టంలో ఉంది. ఉచిత లాయరంటే చేతకానివాడు అనుకోవడం అన్యాయం, వాళ్ళలో ఇవే కోర్టుల్లో రోజూ తిరుగుతూ ప్రతి ఫైలూ శ్రద్ధగా చదివేవాళ్ళను నేను ఎరుగుదును. ఉచిత న్యాయసహాయం హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి, లేదా మీ కేసు నడిచే కోర్టు ప్రాంగణంలో న్యాయసేవా ప్రాధికారం ఆఫీసు ఎక్కడో అడిగి ఎఫ్ఐఆర్ కాపీ, ఆధార్ పట్టుకుని వెళ్ళండి. అరెస్టయిన మనిషిని మేజిస్ట్రేటు ముందుకు తెచ్చినప్పుడు "నాకు లాయరు లేరు" అని ఆ మనిషి తెలుగులో చెప్పినా సరే, అప్పటికప్పుడు ఏర్పాటు చేస్తారు.